టైరు గాలి మానిటరుకు కారు ఫ్యూజు బాక్సు నుంచి కరెంటు: ఏ ఫ్యూజు దగ్గర తీయాలి?

పటమట నివాసి
మే 12, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. రెండేళ్ల క్రితం మా చిన్న పెట్రోలు కారుకు టైర్లలో గాలి ఎంత ఉందో చూపించే మానిటరు ఒకటి కొన్నాను. వాల్వులకు మూతల్లాగా బిగించే నాలుగు సెన్సర్లు, డ్యాష్‌బోర్డు మీద అంటించే చిన్న తెర, ఆ తెర పైభాగాన సోలార్ పలక, లోపల లిథియం సెల్లు ఉంటాయి. మొదటి ఏడాది దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. ఈ వేసవిలో మాత్రం బెంజి సర్కిల్ దగ్గర ఎండలో రోజంతా నిలిపిన కారు తలుపు తీసేసరికి తెర వెనక మూత ఒక పక్క విచ్చుకుని కనిపించింది. స్క్రూలు విప్పి చూస్తే లోపలి సెల్లు దిండులాగా ఉబ్బి, బోర్డును పైకి ఎత్తేసి ఉంది.

ఈ పరికరాన్ని పారేయడానికి నాకు మనసు ఒప్పడం లేదు. నిరుడు గుంటూరు నుంచి అమ్మను తీసుకుని వస్తుండగా మంగళగిరి దాటిన తర్వాత వెనక ఎడమ టైరులో గాలి నెమ్మదిగా దిగిపోతోందని ముందుగా చెప్పింది ఇదే. కారు నడుపుతున్న నాకు అప్పటికి ఏ తేడా తెలియలేదు. అందుకే సెల్లుతో, సోలారుతో పని లేకుండా నేరుగా కారు నుంచే కరెంటు ఇవ్వాలని అనుకుంటున్నాను. ఫ్యూజు బాక్సులో ఏ ఫ్యూజు దగ్గర తీయడం మంచిది? ఎప్పుడూ ఉండే డైరెక్టు సప్లై ఇవ్వాలా, లేక తాళం తిప్పినప్పుడు మాత్రమే వచ్చే కీ సప్లై ఇవ్వాలా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్
మే 12, రాత్రి 10:02

పటమట నివాసి గారూ, వైరింగు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ ఉబ్బిన సెల్లు సంగతి చూడండి. దాన్ని నొక్కకండి, సూదితో పొడిచి గాలి తీసే ప్రయత్నం అసలే చేయకండి. తీగలను రెండూ కలిపి ఒకేసారి కత్తిరిస్తే కటింగ్ ప్లేయరు దగ్గరే షార్టు అవుతుంది కాబట్టి ఒక తీగ కత్తిరించి, దానికి టేపు చుట్టిన తర్వాతే రెండోది కత్తిరించండి. సెల్లును మట్టిపాత్రలో ఇసుక పోసి అందులో ఉంచి, పాత బ్యాటరీలు తీసుకునే కేంద్రానికి అప్పగించండి. చెత్తబుట్టలో మాత్రం వేయవద్దు.

సాధారణ లిథియం సెల్లును 45 డిగ్రీల వేడి దాటితే ఛార్జి చేయకూడదు. మన ఊళ్లో మే నెలలో బయటి గాలే 43, 44 డిగ్రీలు ఉన్నప్పుడు అద్దాలు మూసిన కారులో డ్యాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటుతుంది. సోలార్ పలక సరిగ్గా ఆ వేళలోనే సెల్లును ఛార్జి చేస్తూ ఉంటుంది. ఇలా ఉబ్బిన తెరలు ప్రతి వేసవిలోనూ మా షాపుకు వస్తూనే ఉంటాయి. కారు నుంచి కరెంటు ఇవ్వాలనే మీ ఆలోచన సరైనదే.

బ్రాడీపేట డ్రైవరు
మే 13, ఉదయం 6:45

దీనికి ఫ్యూజు బాక్సు దాకా వెళ్లవలసిన అవసరం ఏముందండీ? సిగరెట్ లైటర్ సాకెట్టులో మొబైల్ ఛార్జరు పెట్టి, దాని నుంచి యూఎస్‌బీ తీగ లాగితే సరిపోతుంది. నేను గుంటూరు, హైదరాబాదు మధ్య మూడేళ్లుగా అలాగే వాడుతున్నాను. ఒక్క తీగ కూడా కోయలేదు.

పటమట నివాసి
మే 13, ఉదయం 8:20

ధన్యవాదాలు. నేను మొదట ఆ పనే చేశాను. మా కారులో ఒకటే సాకెట్టు ఉంది, అందులో ఫోను పెట్టాలి. పైగా గుంతలో పడినప్పుడల్లా ఛార్జరు కొద్దిగా వదులై తెర ఆరిపోయి మళ్లీ వెలుగుతోంది. అలా ఆరిన ప్రతిసారీ నాలుగు టైర్ల అంకెలు పోయి గీతలు కనిపిస్తాయి, అవి తిరిగి రావడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. దారి మధ్యలో అది నాకు నచ్చలేదు.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్
మే 13, మధ్యాహ్నం 2:30

అయితే ఫ్యూజు ట్యాపు వాడండి. ఉన్న ఫ్యూజును పీకి, అదే గాడిలో దీన్ని పెడతాం. దీని మీద రెండు ఫ్యూజుల చోటు ఉంటుంది, ఒకటి పాత ఫ్యూజుకు, రెండోది మన కొత్త తీగకు. కంపెనీ తీగ ఒక్కటి కూడా కోయనవసరం లేదు, రేపు తీసేస్తే కారు యథాతథంగా ఉంటుంది. తీగను చీల్చి పైన క్లిప్పు నొక్కే పద్ధతి కొందరు చేస్తారు. ఆ క్లిప్పు లోపలి రాగి పోగులను సగం తెంచుతుంది, రెండు వర్షాకాలాలు గడిచేసరికి అక్కడ పచ్చటి చిలుము పడుతుంది.

ముఖ్యమైన విషయం ఒకటి చెబుతాను. ఫ్యూజు ఉండేది పరికరాన్ని కాపాడడానికి అని చాలామంది అనుకుంటారు, కానీ అది కాపాడేది తీగను. లైటర్ సాకెట్టు ఫ్యూజు 15 ఆంపియర్లు అనుకోండి. దాని వెనక నుంచి మీరు వెంట్రుకంత సన్నటి యూఎస్‌బీ తీగను నేరుగా లాగారనుకోండి. ఆ తీగ ఎక్కడో ఇనుప అంచుకు ఒరుసుకుని బాడీకి తగిలితే, 15 ఆంపియర్ల ఫ్యూజు పోయేలోపే తీగ ఎర్రబడి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంటుకోవచ్చు. అందుకే మన తీగకు దాని మొదట్లోనే 1 లేదా 2 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. తీగ అర చదరపు మిల్లీమీటరు మందం ఉంటే చాలు. ఆ మందానికి 2 ఆంపియర్ల ఫ్యూజు ఎప్పుడూ ముందే పోతుంది.

ఏ ఫ్యూజు అని అడిగారు. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది), పవర్ స్టీరింగు, ఇంజిన్ కంట్రోలు ఫ్యూజుల జోలికి పోవద్దు. వాటిలో లూజు కాంటాక్టు వస్తే ప్రమాదం మనుషులకు. వెనక వైపరు, ఆడియో, యాక్సెసరీ సాకెట్టు వంటివి తీసుకోండి. ట్యాపు పెట్టేముందు, పాత ఫ్యూజు తీసిన గాడిలో రెండు చీలికలనూ తాళం ఆన్ చేసి మల్టీమీటరుతో చూడండి. ఒకదానిలో 12 వోల్టులు వస్తాయి, రెండోదానిలో రావు. ట్యాపులో రెండు ఫ్యూజులకూ ఉమ్మడిగా ఉన్న కాలు 12 వోల్టులు వచ్చే చీలికలో పడాలి. తిరగేసి పెట్టినా పరికరం పనిచేస్తుంది కానీ మన కరెంటు పాత ఫ్యూజు గుండా కూడా పోతుంది. సరిగ్గా పెట్టామో లేదో తెలుసుకోవడం సులభం: ట్యాపు మీది పాత ఫ్యూజు తీసి చూడండి, అప్పుడు కూడా కొత్త తీగలో 12 వోల్టులు ఉంటే సరిగ్గా పెట్టినట్టే.

అజిత్‌సింగ్ నగర్ సభ్యుడు
మే 13, సాయంత్రం 7:15

ఎలక్ట్రీషియన్ గారు చెప్పినదానికి నా అనుభవం ఒకటి చేరుస్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మా కారు సీట్ల వరకు మునిగింది. ఇంజిన్ బాగు చేయించాం, లోపలి కార్పెట్లు మార్పించాం, ఫ్యూజు బాక్సును మాత్రం ఎవరూ విప్పి చూడలేదు. ఆరు నెలల తర్వాత డ్యాష్ కెమెరా కోసం ఒక ఫ్యూజు పీకితే, దాని కాళ్ల మీద తెల్లటి పొడి, గాడి లోపల ఆకుపచ్చ చిలుము కనిపించాయి. మీటరు పెడితే బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, అక్కడ లోడు పెట్టినప్పుడు 10.9 మాత్రమే వచ్చాయి. మీరు పాత కారు కొన్నవారైతే, లేదా మీ వీధిలోకి ఆ రోజుల్లో నీళ్లు వచ్చి ఉంటే, ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, కాంటాక్టు క్లీనరుతో ఆ గాడులు శుభ్రం చేయించిన తర్వాతే ట్యాపు పెట్టండి. ఎర్తు బోల్టు దగ్గర కూడా అంతే. రంగు ఉన్నచోట లగ్గు (తీగ చివరి లోహపు రింగు) బిగిస్తే ప్రయోజనం లేదు, ఉప్పు కాగితంతో రుద్ది ఇనుము మెరిసేలా చేసి బిగించాలి.

గుంటూరు లెక్చరర్
మే 14, ఉదయం 10:40

నేను ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. డైరెక్టు సప్లైనా, కీ సప్లైనా అన్న ప్రశ్నకు ఎవరూ ఇంకా జవాబు చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

తాళం తిప్పినప్పుడు వచ్చే సప్లైలోనూ రకాలు ఉన్నాయి. ఆడియో, సాకెట్టు వంటి యాక్సెసరీ లైన్లకు సెల్ఫ్ కొట్టే ఆ రెండు సెకన్లూ కారే కరెంటు కత్తిరిస్తుంది, బ్యాటరీ శక్తినంతా స్టార్టరుకు ఇవ్వడం కోసం. మీరు తాళం తిప్పగానే తెర వెలుగుతుంది, సెల్ఫ్ కొట్టగానే ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఇగ్నిషన్ లైన్లలో కొన్ని మాత్రం సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా నిలిచి ఉంటాయి. ఇంట్లో ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని, మీరు మీటరు పట్టుకుని చూడండి. వోల్టేజీ 10 దాకా దిగినా సున్నాకు పోకుండా ఉన్న ఫ్యూజును ఎంచుకోండి.

రెండవది, మీ తెరకు కావలసినది 5 వోల్టులు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారు సప్లై 13.8 నుంచి 14.5 వోల్టుల వరకు ఉంటుంది. ఆల్టర్నేటరు తిరుగుతుండగా బ్యాటరీ కాంటాక్టు ఊడితే, ఒక్క క్షణం పాటు దానికి ఎన్నో రెట్ల వోల్టేజీ వస్తుంది. అందుకని వాహనాల కోసమే చేసిన, ఇన్‌పుట్ 9 నుంచి 36 వోల్టుల వరకు తట్టుకునే, దాన్ని 5 వోల్టులకు దించే కన్వర్టరును వాడండి. నలభై రూపాయల చిన్న కన్వర్టరు బోర్డు టేబులు మీద ప్రయోగాలకు బాగుంటుంది, దాన్ని కారులో శాశ్వతంగా బిగించడం నేను ఒప్పుకోను.

బ్రాడీపేట డ్రైవరు
మే 14, మధ్యాహ్నం 1:05

మేడమ్ గారూ, నాది ఒక సందేహం. డైరెక్టు సప్లై ఇస్తే తెర ఎప్పుడూ మేల్కొని ఉంటుంది, అంకెలు పోవు, రాత్రి గాలి దిగినా ఉదయం కారు ఎక్కగానే తెలుస్తుంది కదా? బండి ఎక్కే ముందే తెలియడంలో మేలు ఉంది. పరికరం తాగే కరెంటు ఎంతని, బ్యాటరీ దిగిపోవడానికి?

గుంటూరు లెక్చరర్
మే 14, రాత్రి 8:50

మీ ఆలోచనలో న్యాయం ఉంది, అందుకే అంకెలు వేసి చూద్దాం. కన్వర్టరుతో కలిపి తెర 40 మిల్లీఆంపియర్లు తీసుకుంటుందని అనుకుందాం. రోజుకు దాదాపు 1 ఆంపియర్ అవర్ (బ్యాటరీలో నిల్వ ఉండే కరెంటుకు కొలత). కారుకు సొంతంగా గడియారం, లాకింగు, కంప్యూటరు వంటివి మరో 25 మిల్లీఆంపియర్లు తీసుకుంటాయి, అది రోజుకు 0.6. చిన్న పెట్రోలు కార్లకు వచ్చే బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. సంక్రాంతికి కారు ఇంట్లో వదిలి పది రోజులు ఊరు వెళితే 16 పోతుంది, అంటే సగానికి దగ్గరగా. కొత్త బ్యాటరీ అయితే సెల్ఫ్ అందుకుంటుంది, మూడేళ్ల నాటిది అయితే అందుకోదు.

పైగా మూత రకం సెన్సర్లలో చాలావరకు, బండి నిలబడి ఉన్నప్పుడు తమ సెల్లు ఆదా చేసుకోవడానికి మౌనంగా ఉంటాయి. కదలిక తెలిసిన తర్వాతనే క్రమం తప్పకుండా సంకేతం పంపుతాయి. గాలి ఒక్కసారిగా దిగితే మాత్రం నిలబడి ఉన్నా వెంటనే పంపుతాయి. నెమ్మదిగా దిగే పంచరును రాత్రంతా తెర మేల్కొని ఉన్నంత మాత్రాన పట్టుకోలేదు. కాబట్టి రోజూ నడిపే టాక్సీకి డైరెక్టు సప్లై ఇచ్చినా నష్టం లేదు, వారానికి ఒకసారి తీసే కారుకు కీ సప్లైయే సరైనది. ఉదయం చక్రాల వైపు ఒకసారి వంగి చూసే అలవాటును ఏ పరికరం వచ్చినా మానకూడదని మా విద్యార్థులకు కూడా చెబుతుంటాను.

బ్రాడీపేట డ్రైవరు
మే 14, రాత్రి 9:30

లెక్క అర్థమైంది, ఒప్పుకుంటున్నాను. నాది రోజూ తిరిగే బండి కాబట్టి నాకు ఇంతకాలం సమస్య రాలేదన్నమాట.

కొత్త సభ్యుడు, తాడేపల్లి
మే 15, ఉదయం 7:00

క్షమించాలి, ఒక చిన్న ప్రశ్న. తెరకు కారు నుంచి కరెంటు ఇచ్చినట్టే సెన్సర్లకు కూడా ఇవ్వవచ్చా? వాటి సెల్లులు మార్చడం విసుగ్గా ఉంది.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్
మే 15, ఉదయం 9:15

ఇవ్వలేమండీ, తిరిగే చక్రానికి తీగ లాగలేం కదా. సెన్సరు తనలోని సెల్లుతోనే బతకాలి. మూత రకంలో సాధారణంగా సీఆర్ 1632 బటన్ సెల్లు ఉంటుంది, విప్పి మార్చుకోవచ్చు. మార్చేటప్పుడు లోపలి రబ్బరు రింగు సరిగ్గా కూర్చోబెట్టకపోతే సెన్సరు దగ్గరే గాలి లీకవుతుంది, సబ్బు నీళ్లు వేసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

మిర్చి యార్డు లారీ
మే 16, రాత్రి 11:20

ఈ చర్చ అంతా చదివాను, చాలా ఉపయోగంగా ఉంది. మాకు గుంటూరు మిర్చి యార్డు నుంచి లోడు వేసే 12 టైర్ల లారీ ఉంది. లారీ టైర్ల మానిటరు పెట్టించాం. క్యాబిన్‌లో తెర, ఛాసిస్ మధ్యలో సంకేతాన్ని అందుకుని ముందుకు పంపే రిపీటరు పెట్టారు, ఎందుకంటే వెనక టైర్ల నుంచి వచ్చే సంకేతం ఇనుప బాడీని దాటి క్యాబిన్ దాకా చేరదట. ఇబ్బంది ఏమిటంటే లారీ సప్లై 24 వోల్టులు, తెర 12 వోల్టులది. బిగించిన మనిషి రెండు బ్యాటరీలలో ఒక్కదాని నుంచి 12 వోల్టులు తీసి ఇచ్చాడు. నాలుగు నెలలకే ఆ ఒక్క బ్యాటరీ పాడైంది. కొత్తది వేస్తే, ఇప్పుడు రెండో బ్యాటరీలో నీళ్లు తొందరగా ఇంకిపోతున్నాయి. కారణం ఇదేనా? ఇంత చిన్న పరికరం అంత పెద్ద బ్యాటరీని తినగలదా?

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్
మే 17, ఉదయం 8:40

అన్నగారూ, కారణం అదే. లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు ఒకదాని వెంట ఒకటి గొలుసుగా ఉంటాయి. ఆల్టర్నేటరు ఆ రెండింటికీ కలిపి దాదాపు 28 వోల్టులు ఇస్తుంది, ఎవరికి ఎంత పోయిందో దానికి తెలియదు. మధ్య నుంచి ఒక్క బ్యాటరీని వాడుతూ ఉంటే అది రోజూ కొంచెం కొంచెం వెనకబడుతుంది. వెనకబడినది 13 వోల్టుల దగ్గర ఆగిపోతే, నిండుగా ఉన్న రెండోదాని మీద 15 వోల్టులు పడతాయి. అది అతిగా ఛార్జి అయి లోపలి నీళ్లు ఆవిరవుతాయి. మీరు చూసిన రెండు లక్షణాలూ ఒకే తప్పు వల్ల వచ్చినవే. పరికరం చిన్నదే, కానీ రాత్రింబవళ్లు నెలల తరబడి ఒకే వైపు లాగితే తేడా పెరుగుతూనే ఉంటుంది. పాత టేప్ రికార్డర్ల కాలం నుంచి ఇదే తప్పు చూస్తున్నాను, చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది, ఎందుకంటే నష్టపోయేది లారీ యజమాని.

ఆ మధ్య తీగ పూర్తిగా తీసేయండి. 24 నుంచి 12కు దించే కన్వర్టరు పెట్టి, దాని ఇన్‌పుట్ క్యాబిన్ ఫ్యూజు బాక్సులోని ఇగ్నిషన్ లైను నుంచి తీసుకోండి. రిపీటరు 24 వోల్టులు తట్టుకుంటుందో లేదో దాని మీద రాసి ఉంటుంది, చూడండి. తట్టుకునేదైతే దానికి నేరుగా ఇవ్వవచ్చు. టెయిల్ ల్యాంపు తీగ దగ్గరగా ఉంది కదా అని దానికి కలపవద్దు, పగలు లైట్లు వేయరు కాబట్టి పగలంతా రిపీటరు పనిచేయదు. క్యాబిన్ నుంచే విడిగా రెండు తీగలు, గొట్టం తొడిగి, ఛాసిస్ లోపలి వైపు నుంచి, సైలెన్సరుకు దూరంగా లాగించండి. ఎర్తు కూడా క్యాబిన్ నుంచే రావాలి. వెనక ఛాసిస్ బోల్టును నమ్ముకుంటే తుప్పు పట్టిన రోజున రిపీటరు ఉన్నట్టుండి ఆగిపోతుంది.

పటమట నివాసి
మే 18, సాయంత్రం 6:30

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం పని పూర్తి చేశాను, చేసినది చేసినట్టు రాస్తున్నాను, మరొకరికి ఉపయోగపడవచ్చు.

సెల్ఫ్ పరీక్షలో ఆడియో ఫ్యూజు సున్నాకు పోయింది. వెనక వైపరు ఫ్యూజు కూడా పోయింది. మూడోదిగా చూసిన రివర్స్ లైటు ఫ్యూజు మాత్రం 10.2 వోల్టుల దగ్గర నిలబడింది, ట్యాపు అక్కడే పెట్టాను. మా అబ్బాయి సెల్ఫ్ కొడుతుంటే నేను కింద తల పెట్టి మీటరు చూశాను. ట్యాపు మొదట తిరగబడింది. పాత ఫ్యూజు తీయగానే కొత్త తీగలో కరెంటు పోవడంతో తెలిసింది, తిప్పి పెట్టాను. మీటరు సిరీస్‌లో పెట్టి చూస్తే కన్వర్టరుతో కలిపి 38 మిల్లీఆంపియర్లు తీసుకుంటోంది, మేడమ్ గారు ఊహించిన అంకెకు చాలా దగ్గర.

సెల్లు తీసేసిన తర్వాత తెర వెలిగి ఆరుతూ ఉండిపోయింది. సెల్లు ఉండిన చోట 1000 మైక్రోఫారడ్ల, 105 డిగ్రీల రకం కెపాసిటరు టంకం వేస్తే కుదురుకుంది. సోలార్ పలక తీగ కూడా విప్పేశాను. తీగను ముందు స్తంభం ట్రిమ్ లోపల నుంచి లాగుదామనుకున్నాను కానీ అక్కడ కర్టెన్ ఎయిర్‌బ్యాగు ఉందని గుర్తు చూసి మానేశాను. గ్లవ్ బాక్సు వెనక నుంచి డ్యాష్‌బోర్డు అంచు వెంబడి తీసుకొచ్చాను.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. వెనక కుడి టైరు అంకె అప్పుడప్పుడు రావడం లేదు. కన్వర్టరును తెర కిందే అంటించాను, పక్కనే డ్యాష్ కెమెరా ఉంది.

గుంటూరు లెక్చరర్
మే 18, రాత్రి 9:05

మన దగ్గర దొరికే సెన్సర్లు ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ దగ్గర చాలా బలహీనమైన సంకేతం పంపుతాయి. కన్వర్టరు సెకనుకు లక్షల సార్లు ఆన్, ఆఫ్ అవుతూ తన చుట్టూ రేడియో రొద చేస్తుంది, కెమెరా కూడా అంతే. కన్వర్టరును కిందికి, ఫ్యూజు బాక్సు దగ్గరికి జరపండి. తెరకు వచ్చే 5 వోల్టుల తీగను ఆ రొదను అణచే ఫెర్రైట్ రింగులో నుంచి మూడు చుట్లు తిప్పండి. తెరను కెమెరాకు కనీసం రెండు అడుగుల దూరంలో పెట్టండి.

హెచ్చరిక అంకెలు కూడా ఒకసారి సరిచూసుకోండి. అమెరికా నిబంధన ప్రకారం కంపెనీ చెప్పిన గాలిలో 25 శాతం తగ్గేసరికి హెచ్చరిక రావాలి. 33 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) టైరుకు అది దాదాపు 25 అవుతుంది. నా అభిప్రాయంలో మన రోడ్డు వేడికి 28 దగ్గరే మోగేలా పెట్టుకోవడం మంచిది. గాలి ఎక్కువైతే మోగే పై అంకె 42కు తక్కువ పెట్టవద్దు, ఎందుకంటే టైరు లోపలి గాలి ప్రతి 5.5 డిగ్రీల వేడికి సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది.

పటమట నివాసి
మే 25, రాత్రి 8:15

కన్వర్టరు జరిపి, ఫెర్రైట్ రింగు వేశాక వెనక కుడి అంకె ఒక్కసారి కూడా పోలేదు. ఈ ఉదయం పటమటలో నాలుగు టైర్లూ 33 చూపించాయి, కాజ టోల్‌గేటు దగ్గర ముందు రెండూ 37, వెనక రెండూ 36. తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం ఎండలో 39 దాకా వెళ్లాయి, హెచ్చరిక మోగలేదు. రెండు గంటలు ఎండలో నిలిపిన తర్వాత తెర వెనక చెయ్యి పెడితే కాలింది కానీ మూత బిగిసే ఉంది.

మిర్చి యార్డు లారీ
జూన్ 2, ఉదయం 7:50

ఎలక్ట్రీషియన్ గారు చెప్పినట్టే మధ్య తీగ తీయించాం. కన్వర్టరు, రిపీటరు రెండింటికీ ఇగ్నిషన్ లైను నుంచే సప్లై ఇచ్చాం. ఇంజిన్ నడుస్తుండగా రిపీటరు దగ్గర 27.4 వోల్టులు, క్యాబిన్‌లో 27.7. బ్యాటరీలను విడివిడిగా ఛార్జి చేయించి కలిపాం, వారం తర్వాత మీటరు పెడితే ఒకటి 12.68, రెండోది 12.66. చిలకలూరిపేట దగ్గర వెనక లోపలి టైరు గాలి 112 పీఎస్ఐ నుంచి 97కు దిగినట్టు చూపించి మోగింది. బయటి టైరు మాటున ఉండడంతో డ్రైవరుకు కంటికి కనిపించేది కాదు. మేకు తీయించి, పంచరు వేయించుకుని లోడు దించి వచ్చాం.